వరస తప్పిన రక్తదాతల జాబితా

"చూపు లేనివాళ్లకు కంప్యూటర్ ఎలా నేర్పుతారండీ?" అని ఈ ఇరవై రెండేళ్లలో నన్ను అడగనివాళ్లు లేరు. బస్సులో పక్క సీటు ఆవిడ దగ్గర్నుంచి మా ఇంటికి గ్యాస్ బండ తెచ్చే అతని దాకా అందరూ అడిగారు. వాళ్లకు నేర్పటం పెద్ద కష్టం కాదు, చూపున్నవాళ్లు కంప్యూటర్‌లో గడులు గీసి తయారుచేసిన షీట్లను బాగుచేయటమే కష్టం అని చెబితే నవ్వేవాళ్లు. నేను మాత్రం నవ్వులాటకు చెప్పలేదు.

మాది నరసరావుపేట. నా పేరు విజయ. మొదట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాను. కంప్యూటర్లు వచ్చాక వాటికి మారాను. ఆ తర్వాత చూపు లేనివాళ్ల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరి, అక్కడే రిటైరయ్యాను. పల్నాడులో ఆఫీసుల్లో, బళ్లలో, ఆసుపత్రుల్లో పనిచేసే చూపులేని ఉద్యోగుల దగ్గరికి వెళ్లి, వాళ్ల చేతిలో ఉన్న పరికరాల మీద షీట్లు, జాబితాలు, ఉత్తరాలు సరిగా నడిచేలా చూడటం నా పని. ఏ మీట నొక్కితే ఏమవుతుందో పుస్తకాల్లో ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం, పుస్తకాల్లో ఉండనివి కొన్ని రాస్తున్నాను. అందులో ముఖ్యమైనది నేను చేసిన ఒక తప్పు.

తెర లేని నెల

ఆ సంస్థలో నా మొదటి పై అధికారి కోటేశ్వరరావు గారు పుట్టుగుడ్డి. ఆ మాట ఆయనే వాడేవారు. ఎవరైనా మెత్తని పేర్లు పెట్టి మాట్లాడితే చిరాకుపడేవారు. నేను చేరిన రోజే నా కంప్యూటర్ తెర వైరు పీకించేశారు.

"నెల రోజులు తెర లేకుండా పని చెయ్యమ్మాయ్. తర్వాత మాట్లాడుకుందాం."

"తెర లేకపోతే ఎలా సార్?"

"ఇన్నేళ్ల నించి నేనెట్టా చేస్తన్నా?"

టైపు నేర్పినదాన్ని కనుక మీటలు చూడకుండా కొట్టటం నాకు వచ్చు. చెవితో చదవటమే రాదు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. షీటులో అది ఒక్కో గడినే చదువుతుంది. "సి ఏడు, ఖాళీ" అంటుంది. "సి ఎనిమిది, నలభై రెండు" అంటుంది. ఆ నలభై రెండు ఎవరిదో, దేనికి సంబంధించిందో గుర్తుపెట్టుకోవాల్సింది మనమే. చూపున్నవాళ్లు షీటును మిద్దె మీద నించుని మిరపతోటను చూసినట్టు ఒక్కసారిగా చూస్తారు. చెవితో చదివేవాళ్లు సాలు వెంట నడుస్తూ ఒక్కో మొక్క దగ్గరా ఆగాలి.

మొదటి వారం ఏడుపొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన అచ్చంపేటను ఆ గొంతు ఏదో విదేశీ ఊరి పేరులా పలికేది. పక్క గదిలో కోటేశ్వరరావు గారు అదే గొంతును నాకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా పెట్టుకుని, టీ తాగుతూ వినేవారు. రెండో వారానికి నాకు గడులు మనసులో నిలబడసాగాయి. నెల తిరిగాక తెర పెట్టించి, ఒక్క మాట చెప్పారు.

"వాళ్ల మీట నువ్వు నొక్కబాక. నువ్వు నొక్కితే పని అయిపోద్ది. ఏం జరిగిందో మాత్రం వాళ్లకి తెలవదు."

ఆ మాటను చాలా ఏళ్లు పాటించాను.

రెంటచింతల టీచరమ్మ

రెంటచింతలలో తెరెసమ్మ అని చూపు లేని సోషల్ టీచర్ ఉండేది. ఒకసారి ఆమె మీద హెడ్మాస్టరు గారి నుంచి మా ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది. మూడు సెక్షన్ల పిల్లలకు మార్కులు ఎక్కించమంటే ఒక్క సెక్షన్‌కే ఎక్కించి వదిలేసిందట. అక్కడి ఎండ సంగతి మీకు తెలుసు. బస్సు దిగి బడికి నడిచేలోపు నా చెప్పుల అడుగులు కూడా కాలాయి.

షీటు తెరిస్తే సంగతి వెంటనే తెలిసింది. సెక్షన్‌కీ సెక్షన్‌కీ మధ్య గుమస్తా నాలుగు వరసలు ఖాళీగా వదిలాడు. ఆమె చివరి పేరు దాకా వచ్చింది. తర్వాతి గడి ఖాళీ. ఆ కిందదీ, దాని కిందదీ ఖాళీ. జాబితా అయిపోయిందనుకుని ఆపేసింది. మిగతా పిల్లల మార్కులన్నీ ఆమె బ్రెయిల్ కాగితాల మీద సిద్ధంగానే ఉన్నాయి.

"చూట్టానికి నీటుగా ఉంటదని వదిలారు మేడం" అన్నారు హెడ్మాస్టరు.

"మీకు నీటుగా ఉంది సారూ. నాకు అయిపోయినట్టుంది" అంది తెరెసమ్మ.

ఖాళీ వరసలు తీసేస్తే గంటలో పని ముగిసింది. దాని మీద నేను మా సంస్థలో చాలాసార్లు పాఠం చెప్పాను. షీటులో అందం కోసం ఖాళీలు వదలకండి అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. ఆ పాఠం చెప్పిన మనిషినే ఆ తర్వాత ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

ఏడుకొండలు

ఏడుకొండలు తండ్రి దాచేపల్లి దగ్గర రాయి క్వారీలో కూలి. ఏడుకొండలు మాత్రం సున్నపు బట్టీలో చేరాడు. ఇరవయ్యారో ఏట ఉడుకుతున్న సున్నం చింది రెండు కళ్లలో పడింది. చూపు పోయింది. ముప్పై దాటాక బ్రెయిల్ నేర్చుకుని, నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాడు. ఆసుపత్రి పేరు చెప్పను.

అతనిలో నాకు మొదట నచ్చింది గొంతుల మీద అతనికున్న పట్టు. ఒకసారి ఫోనులో మాట్లాడినవాళ్లను మూడేళ్ల తర్వాత కూడా "ఆఁ, మాచర్ల సుబ్బాయమ్మ గారా, మోకాలు తగ్గిందా?" అని పలకరించేవాడు. రక్తం కావాల్సి వచ్చినప్పుడు దాతలకు ఫోన్లు చేసేది కూడా అతనే. ఒక్కో దాతకు ఒక్కో అట్టముక్క. దాని మీద బ్రెయిల్లో పేరు, ఊరు, రక్తం గ్రూపు, ఫోను నంబరు. అటువంటివి నాలుగు వందలకు పైగా అతని బీరువాలో ఉండేవి.

కొన్నాళ్లకు ఆసుపత్రిలో ఫోన్లు వాటంతట అవే కలిసే ఏర్పాటు వచ్చింది. ఆపరేటర్ అవసరం పోయింది. మేనేజరు ప్రసాద్ గారు మంచివాడే. "నువ్వు ఊరికే వచ్చి కూచో ఏడుకొండలూ, నిన్నెవరూ పొమ్మనరు" అన్నారు.

ఏడుకొండలు ఆ సాయంత్రమే మా ఆఫీసుకు వచ్చాడు.

"ఊరికే కూచోబెడతారంటక్కా. కళ్లు పోయినప్పుడు కూడా ఇంత భయపళ్లా నేను. ఏదన్నా పని చూపియ్యి."

దాతల జాబితానే అతని పనిగా చేద్దామన్నాను. మా సంస్థ నుంచి ఒక చిన్న పరికరం ఇచ్చాం. పుస్తకమంత ఉంటుంది. తెర ఉండదు. పైన బ్రెయిల్ మీటలు, కింద ఒకే వరసలో సన్నని పిన్నులు. ఆ పిన్నులు లేచి పడుతూ అక్షరాలవుతాయి, వేలితో తడిమి చదువుకోవాలి. షీటును ఆసుపత్రి కంప్యూటర్ నుంచి అందులోకి, అందులోంచి కంప్యూటర్‌లోకి మార్చుకోవచ్చు. మూడు నెలలు కూర్చుని అట్టముక్కలన్నీ తనే ఎక్కించాడు. నేను వారానికోసారి వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చునేదాన్ని.

రెండు నిమిషాల పని

జాబితా పూర్తయిన వారం ప్రసాద్ గారు దాన్ని ఊళ్లవారీగా అచ్చు తీసి గోడకు పెట్టాలన్నారు. ఆ రోజు నేను మాచర్ల వెళ్లాలి. బస్సుకు టైమవుతోంది.

"నేను మారుస్తానక్కా, ఎట్టా మార్చాలో చెప్పు" అన్నాడు ఏడుకొండలు.

"చెబుతూ కూచుంటే బస్సు పోతుంది. రెండు నిమిషాల పని, నేను కొట్టేస్తాలే."

అతను కుర్చీ పక్కకు జరిపాడు. నేను నిలబడే కంప్యూటర్ మీద షీటు తెరిచాను. పేరు, ఫోను, ఊరు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. అచ్చులో రక్తం గ్రూపు విడిగా, స్పష్టంగా కనబడాలని దాని ముందు ఒక నిలువు వరసను ఖాళీగా చొప్పించాను. అందం కోసమే. తర్వాత ఊళ్లను అక్షర క్రమంలో పెట్టమని మీట నొక్కాను. కొత్త షీటును అతని పరికరంలోకి ఎక్కించి బస్టాండుకు పరిగెత్తాను.

ఖాళీ వరస దగ్గర జాబితా అయిపోయిందని తెరెసమ్మ అనుకున్నట్టే కంప్యూటరూ అనుకుంటుంది. పేర్లు, ఫోన్లు, ఊళ్లు కలిసి కొత్త వరసలోకి మారాయి. ఖాళీకి అవతల ఉన్న రక్తం గ్రూపులు కదలకుండా పాత చోటే ఉండిపోయాయి. ఒకరి పేరు ఎదురుగా మరొకరి రక్తం. నాలుగు వందల మందికీ.

నేను మాచర్ల బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషపడ్డాను.

ఆ మధ్యాహ్నం

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ ఆసుపత్రిలో కాన్పయిన ఒకామెకు రక్తస్రావం ఆగలేదు. ఆమెది ఓ నెగెటివ్. ఆ గ్రూపు రక్తం నిల్వ లేదు. గుంటూరుకు మనిషిని పంపి, ఈలోపు దాతను పిలవమని ఏడుకొండలుకు చెప్పారు. అతను పరికరంలో వెతికితే ముగ్గురు తగిలారు. ఇద్దరి ఫోన్లు కలవలేదు. మూడో మనిషి అచ్చంపేట రైతు. ఫోనెత్తాడు.

ఆ గొంతు వినగానే ఏడుకొండలుకు అనుమానం వచ్చింది. ఈయన బి పాజిటివ్ గదా అనిపించిందట. మళ్లీ వేలితో తడిమి చూశాడు. ఓ నెగెటివ్ అనే ఉంది. జాబితా సరిచేసింది అక్క, తప్పుండదులే అనుకున్నాడు. ఈ మాట తర్వాత అతనే నాకు చెప్పాడు. నా పనికి దొరికిన నమ్మకాల్లో ఇంత బరువైనది ఇంకొకటి లేదు.

ఆ రైతు పొలం నుంచి అట్లాగే బండేసుకుని గంటన్నరలో వచ్చాడు. పాపం, ఒళ్లంతా దుమ్ము. ఎక్కించే ముందు ఎలాగూ పరీక్ష చేస్తారు కదా, చేశారు. బి పాజిటివ్.

ప్రసాద్ గారు ఆ బాలింత తల్లి పక్కన నిలబడి ఉన్నారు. తిన్నగా ఏడుకొండలు బల్ల దగ్గరికి వచ్చి, నర్సులూ రోగుల బంధువులూ చూస్తుండగా అరిచారు.

"కళ్లు లేనోడికి ప్రాణాల మీద పని అప్పజెప్పటం నాదే బుద్ధి తక్కువ! లోపల మనిషి పోతంది, తెలుసా?"

ఏడుకొండలు పరికరం మూసి, ఫోను అందుకుని, జ్ఞాపకం మీద ఒక నంబరు కొట్టాడు. రెండు వీధుల అవతల బట్టల కొట్టు నడిపే శ్రీనివాసరావు గారిది. ఆయన ఓ నెగెటివ్. కొట్టు గుమస్తాకు వదిలి పది నిమిషాల్లో వచ్చాడు. రక్తం ఎక్కింది. ఆమె బతికింది. కానీ తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంది, బిడ్డను ఎత్తుకోవటానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ ఆలస్యం వల్లేనా అని డాక్టరమ్మను తర్వాత అడిగాను. "చెప్పలేమండీ" అంది. నాకు మాత్రం రెండు వీధుల దూరంలో ఉన్న మనిషి గుర్తొస్తూనే ఉంటాడు.

నేను దాచిన మూడు రోజులు

మర్నాడు ప్రసాద్ గారు ఫోను చేశారు. "మీవాణ్ణి ఆ పని నించి తీసేశాం మేడం. మీ పరికరం మీరు తీసుకుపోండి."

వెళ్లాను. కంప్యూటర్‌లో షీటు తెరిచాను. ఖాళీ నిలువు వరస చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. ఎదురుగా ప్రసాద్ గారు, తలుపు దగ్గర ఏడుకొండలు.

"ఏమైంది మేడం?" అన్నారాయన.

"పరికరంలో ఏదో తేడా ఉన్నట్టుంది. తీసుకెళ్లి చూస్తాను" అన్నాను.

నా నోట వచ్చిన మాట అదీ. పరికరాన్ని సంచిలో పెట్టుకుని ఏడుకొండలు పక్క నుంచే బయటికి నడిచాను.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. సంస్థ పేరు పోతుందని, మిగతా ఆసుపత్రులు మనవాళ్లను తీసుకోవని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ సాకులు. నాకు సిగ్గేసింది, అంతే.

నాలుగో రోజు ఉదయం ఏడుకొండలు నుంచి ఫోను.

"అక్కా, గోడ మీద కాయితం మస్తాన్‌బీ చదివింది. నేను అట్టముక్కలు తడుముకుంటా కూచున్నా. రెండు రోజులు పట్టింది." మస్తాన్‌బీ ఆ ఆసుపత్రిలో రిజిస్టర్లు రాసే నడివయసు మనిషి. "పేర్లు, ఫోన్లు, ఊళ్లు అన్నీ సరిగానే ఉండయ్. గ్రూపులొక్కటే కదల్లా. వరస మార్చినప్పుడు జరిగిందది."

నేను ఫోనును రెండో చెవికి మార్చుకున్నాను.

"వరస మార్చింది నువ్వే గదక్కా. నా పక్కనే నించోని టకటకా కొట్టావు."

"ప్రసాద్ గారికి చెప్పావా?"

"నేనెందుకు చెప్తా? అది నీ నోట్లో ఉండాల్సిన మాట. మళ్లా ఇట్టా కాకుండా ఎట్టా చెయ్యాల్నో నాకు చెప్పు చాలు."

అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాను. గదిలోకి రమ్మన్నా వెళ్లకుండా, అతని మీద ఎక్కడ అరిచారో అక్కడికే ప్రసాద్ గారిని రమ్మన్నాను. నర్సులున్నారు. మస్తాన్‌బీ ఉంది. తప్పు నాదని, ఏడుకొండలుది గానీ పరికరానిది గానీ కాదని, మూడు రోజుల కిందటే తెలిసి దాచానని చెప్పాను.

ప్రసాద్ గారు నవ్వి, "మీరా మేడం? సర్లెండి, పొరపాటు ఎవరికైనా అవుతది. పని ఒత్తిడి. కూచోండి, కాఫీ తెప్పిస్తా" అన్నారు.

ఏడుకొండలు లేచి నించున్నాడు.

"అదే మాట మొన్న నాకు చెప్పుంటే బాగుండేది గదా సారూ."

ప్రసాద్ గారి ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఒకటే తప్పు. నేను చేశానంటే పని ఒత్తిడి, అతను చేశాడనుకుంటే కళ్లు లేకపోవటం. ఆ తేడా ఆ రోజు దాకా ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. ఆయన ఏడుకొండలు చెయ్యి పట్టుకుని, అందరూ వినేటట్టే, "తప్పయింది ఏడుకొండలూ" అన్నారు. కాఫీ ముగ్గురికీ వచ్చింది.

అట్టముక్కల నుంచి మళ్లీ

ఆ పని మళ్లీ ఏడుకొండలుకే ఇచ్చారు. జాబితాను మొదటి నుంచి అట్టముక్కలు చూసి మళ్లీ ఎక్కించాడు. వేళ్లకు మీటలు అలవాటయ్యాయి కనుక మూడు వారాల్లో అయిపోయింది. వరస మార్చటం కూడా ఈసారి తనే నేర్చుకుని చేశాడు. మార్చిన తర్వాత ఏవైనా పది పేర్లు తీసి అట్టముక్కలతో సరిచూసుకోవాలన్న నియమం అతను పెట్టుకున్నదే. దాతకు ఫోను చేసినప్పుడు ముందు "మీ గ్రూపు ఏందండీ?" అని వాళ్ల నోటే చెప్పించటం కూడా అతని ఆలోచనే. నేను ఆ తర్వాత పనిచేసిన ప్రతిచోటా ఈ రెండూ నేర్పాను. ఎవరు కనిపెట్టారో కూడా చెప్పాను.

కొత్తగా వచ్చే మీకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పరికరాలు మారతాయి. ఆ పిన్నుల పరికరం పోయి ఇప్పుడు ఫోనే అన్నీ చదువుతోంది, రేపు ఇంకోటి వస్తుంది. అవి నేర్చుకోవటం కష్టం కాదు. మీ తొందరను ఆపుకోవటం కష్టం. ఒక చూపులేని మనిషి తన పని తను చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూడటానికి మీకు ఓపిక చాలదు, నాకూ చాల్లేదు. మన తొందరను మనం సహాయం అని పిలుచుకుంటాం. తప్పు జరిగితే లోకం ముందుగా వాళ్లనే చూస్తుంది. మీరు నోరు మూసుకుంటే చాలు, నింద దానంతట అదే వాళ్ల మీద పడుతుంది. అందుకే ఈ పనిలో మౌనం కూడా అబద్ధమే.

రిటైరయ్యే ముందు వారం వీడ్కోలు చెప్పటానికి ఆ ఆసుపత్రికి వెళ్లాను. ప్రసాద్ గారు ఎప్పుడో వెళ్లిపోయారు. కొత్త మేనేజరు కుర్రాడు మస్తాన్‌బీ మీద అరుస్తున్నాడు. ఏదో మీట నొక్కి, జాబితాలో మాచర్ల వైపు దాతలందరినీ ఆమె చెరిపేసిందట. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఏడుకొండలు తన బల్ల దగ్గర్నుంచి గోడ తడుముకుంటూ వచ్చాడు.

"సార్, పొరపాటు ఎవురికైనా అవుద్ది. ముందు సరిచేద్దాం. తర్వాత తిడుదురుగాని."

ఆ మేనేజరు పక్కకు జరిగాడు. ఏడుకొండలు మస్తాన్‌బీని కూర్చోమని, తను ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. జాబితా చదివి వినిపించే తన ఫోను తీసి, ఆమెకు కూడా అర్థమయ్యేలా గొంతు వేగం బాగా తగ్గించాడు.

"భయపడబాక. ఏం నొక్కావో మెల్లిగా చెప్పు. నువ్వే నొక్కు, నేను వింటా."

నేను వచ్చిన సంగతి చెప్పకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను. మాచర్ల పేర్లు ఒక్కొక్కటే తిరిగి వినబడుతున్నాయి.